గుండీలు మాత్రమే మిగిలాయి

అక్టోబర్ 6, సోమవారం

ఈ నోటుబుక్కు పాస్టరమ్మగారు ఇచ్చారు. నిన్న ఆరాధన అయ్యాక నన్ను వెనక బెంచీ దగ్గర ఆపి, "ఏమ్మా, ఇకమీదట ఏడాదిపాటు నువ్వు సంఘంలో లేచి సాక్ష్యం చెప్పకూడదు. చెప్పాలనిపిస్తే ఇందులో రాసుకో. ఎవరికీ చూపించకు, నాకు కూడా," అన్నారు.

చెంప మీద కొట్టినట్టయింది. సాక్ష్యం చెప్పొద్దని ఎవరైనా అంటారా? అందరినీ చెప్పండి చెప్పండి అని లేపుతారు కదా! ఇంటికొచ్చేదాకా కోపంగానే ఉన్నాను. తర్వాత లెక్క వేసుకున్నాను. ఈ ఏడాది మూడుసార్లు చెప్పాను. తెల్లవారుజామునే లేచి ప్రార్థన చేసుకుంటున్నానని మొదటిసారి. ఆ మర్నాడే ఎనిమిదింటికి లేచాను. నా నాలుక మీదనుంచి అబద్ధాన్ని దేవుడు తీసేశాడని రెండోసారి. అది మంగళవారం దాకా ఆగింది. షాపులో పెండింగు బట్ట ఒక్కటి కూడా లేకుండా చేస్తానని, దేవుడు నాకు ఆ శక్తి ఇచ్చాడని మూడోసారి. అందరూ "స్తోత్రం" అన్నారు, ఇద్దరు ముసలివాళ్లు కళ్లు తుడుచుకున్నారు. ఆ వారం నేను మిషను మీద చెయ్యి పెట్టలేదు. సాక్ష్యం చెప్పేశాక పని అయిపోయినట్టే ఉంటుంది నాకు. ఇంక చేయడం ఎందుకు?

ఆవిడ ఇంకో మూడు మాటలు కూడా చెప్పారు. "రేపు" అనకూడదు, గంట చెప్పాలి, లేదంటే కుదరదని చెప్పాలి. ఒక బట్ట పూర్తి కాకుండా ఇంకోటి ముట్టకూడదు. పొద్దున ఐదున్నరకి మోకాళ్లూని ఆ రోజు కుట్టబోయే ఒకే ఒక్క బట్ట పేరు దేవుడికి చెప్పాలి.

"దేవుడికి ప్యాంట్ల సంగతెందుకండీ?" అన్నాను.

"ఆయనకి నీ సంగతి కావాలి. నీ సంగతంతా ప్యాంట్లలోనే ఉంది కదా," అన్నారు. ఆవిడ ముప్పై ఏళ్లు ఆసుపత్రిలో నర్సుగా చేశారు. సూది గుచ్చేటప్పుడు "నొప్పి ఉండదు" అని చెప్పే రకం కాదు.

అక్టోబర్ 7

లేవలేదు. రేపటి నుంచి

(కొట్టేశాను.)

అక్టోబర్ 8, బుధవారం

ఐదున్నర కాదు, ఆరూ పది. అయినా మోకాళ్లూనాను. మామూలుగా అయితే నా ప్రార్థన బ్రహ్మాండంగా ఉంటుంది, వినేవాళ్లుంటే. గదిలో ఒక్కదాన్నే ఉంటే నాలుక పిడచకట్టుకుపోయింది. చివరికి, "ప్రభువా, లెక్కల మాస్టారి నల్ల ప్యాంటు," అన్నాను. నవ్వొచ్చింది. ఆయనకీ నవ్వొచ్చే ఉంటుంది.

ప్యాంటు అయిపోయింది. నడుము దగ్గర రెండు వేళ్లు వదులు చేశాను.

అక్టోబర్ 10, శుక్రవారం

లెక్కల మాస్టారు వచ్చారు. మా వీధిలో నా షాపుకి "రేపు టైలర్స్" అని పేరు పెట్టింది ఈయనే. గుమ్మంలోనే నిలబడి, "ఏమ్మా, రేపు రమ్మంటావా, ఎల్లుండి రమ్మంటావా? నేను రెండింటికీ సిద్ధపడే వచ్చాను," అన్నారు.

ప్యాంటు మడత పెట్టి చేతిలో పెట్టాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇది నాదేనా?"

"మీదేనండీ."

తెర వెనక్కి వెళ్లి వేసుకుని, ఊపిరి బిగబట్టుకుని బయటికొచ్చారు. పట్టలేదు. "నీకు ఇచ్చింది జూన్‌లో. అప్పటి నడుముకి నువ్వు న్యాయమే చేశావు. ఈ నాలుగు నెలలు నేను ఊరికే కూర్చోలేదు కదా, తిన్నాను," అన్నారు.

మళ్లీ విప్పాలి. సోమవారం సాయంత్రం ఐదింటికి అని చెప్పాను. గంట చెప్పినందుకు ఆయన నన్ను కళ్లజోడు తీసి మరీ చూశారు.

అక్టోబర్ 12, ఆదివారం

అక్క నెలాఖరుకి వెళ్లిపోతోంది.

పాస్టరమ్మగారు చెప్పారు. అక్క పోస్టాఫీసులో పనిచేస్తుంది. కొండల మీద ఊరికి బదిలీ అయ్యిందట, బస్సులో నాలుగున్నర గంటల దూరం. అక్కడ బాగా చలట. ఆవిడతో కబురు పంపింది: "అమ్మ కోటు దాని దగ్గర ఉండిపోయింది. నాకు కావాలి. ఎలా ఉంటే అలా ఇమ్మనండి."

రెండేళ్లలో నాకోసం అక్క అన్న మొదటి మాట. అది కూడా నాతో కాదు.

నేనేం చెప్పానంటే: "రెడీగానే ఉందండీ. గుండీలు మాత్రమే మిగిలాయి."

ఎంత తొందరగా వచ్చిందో ఆ మాట. దగ్గు కూడా అంత తొందరగా రాదు. పాస్టరమ్మగారు నా ముఖంలోకి చూసి, "సరే, అలాగే చెబుతాను," అన్నారు.

కోటు నేనింతవరకు సంచిలోంచి తియ్యలేదు.

అక్టోబర్ 13, సోమవారం

మంచి రోజు. ఐదున్నరకే లేచాను. మాస్టారి ప్యాంటు ఐదింటికల్లా సిద్ధం, ఆయన ఐదూ పదికి వచ్చారు, ఈసారి ఆలస్యం ఆయనదే! రాయడానికి ఇంకేం లేదు.

అక్టోబర్ 15

రెండు గౌన్లు, ఒక దిండు గలీబు. మంచి రోజు. మూల మేకు మీద నా పాత ఏప్రాన్ వేసి ఉంచాను, దుమ్ము పడకుండా.

దుమ్ము పడకుండా కాదు. కింద ఉన్న సంచి కనపడకుండా.

అక్టోబర్ 17, శుక్రవారం

రాసేస్తాను. ఎవరూ చదవరు కదా.

అమ్మ పొడుగు మనిషి. మట్టిరంగు ఉన్ని కోటు, మోకాళ్ల కిందిదాకా వచ్చేది, అది వేసుకుని వీధిలో నడుస్తుంటే చిన్నప్పుడు మాకు ఎంత గర్వమో. చివర్లో నడుము వంగి, మనిషి చిక్కిపోయి, కోటు నేలకి రాసుకునేది. రెండేళ్ల క్రితం చలి మొదలవుతుండగా షాపుకి తెచ్చింది. స్టూలు ఎక్కించి నిలబెట్టాను. "నేనేమో కుంచించుకుపోతున్నానే, ఇదేమో ఎప్పట్లాగే ఉంది. దీనికైనా కాస్త బుద్ధి చెప్పు," అంది. నాలుగు వేళ్లు పైకి మడిచి గుండుసూదులు గుచ్చాను. "నువ్వు పారేసుకుంటావే," అని తనే మడిచి సంచిలో పెట్టి ముడి వేసింది.

"రేపు ఇస్తానమ్మా," అన్నాను.

గంట పని. నిజంగా గంట పని. వారం తర్వాత ఫోన్ చేసింది, రేపు అన్నాను. మళ్లీ చేసింది, దారం దొరకలేదన్నాను. మూడోసారి, అయిపోయిందమ్మా గుండీలు మాత్రమే మిగిలాయన్నాను. అవును, అప్పుడు కూడా అదే మాట. నాలుగోసారి తనే, "పర్లేదులే, శాలువా ఉందిగా," అంది. జనవరిలో జలుబు ఛాతీలోకి దిగింది. తొమ్మిది రోజులు.

డాక్టరు కోటు గురించి ఏమీ అనలేదు. అక్క అంది. సమాధి దగ్గరనుంచి వస్తూ, అందరూ వింటుండగా. "మా అమ్మ వణుక్కుంటూ పోయింది. నువ్వు ఆవిడ కోటు మేకుకి తగిలించుకుని కూర్చున్నావ్."

మా అమ్మ అంది. మన అమ్మ అనలేదు.

దేవుడు నన్ను క్షమించాడని నేను ఎప్పుడో చెప్పేసుకున్నాను. ఆ విషయంలో మాత్రం ఆలస్యం చెయ్యలేదు. అక్కని అడగలేదు.

అక్టోబర్ 19, ఆదివారం

అక్క మొదటి ఆరాధనకి వస్తుంది, క్వయర్‌లో పాడుతుంది. నేను రెండో ఆరాధనకి వెళ్తాను. రెండేళ్లుగా ఇదే ఏర్పాటు. ఎవరూ పెట్టలేదు, అలా అయిపోయింది.

ఈరోజు గంట ముందే వెళ్లి ప్రహరీ బయట నిలబడ్డాను. పదిమంది పాడుతున్నా అక్క గొంతు నాకు తెలుస్తుంది, కాస్త వెనకబడి మొదలై చివర్లో అందరికంటే ఎక్కువసేపు ఉంటుంది. చిన్నప్పుడు ఒకే దుప్పటి కింద పడుకుని పాడుకునేవాళ్లం. నేను పల్లవి దాటేదాన్ని కాదు, తను అన్ని చరణాలూ పాడేది. ఆ గొంతు వింటూ గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఎంత దగ్గరగా ఉందంటే, పేరు పెట్టి పిలిస్తే పలికేటంత.

పాట అయిపోగానే పక్క సందులోకి వెళ్లిపోయాను. అక్కకి కనపడకుండా.

అక్టోబర్ 21

లేవలేదు.

అక్టోబర్ 22

లేవలేదు. ముగ్గురికి "రేపు" అన్నాను. నాలుగో మనిషి వస్తుంటే చూసి షాపు తలుపు వేసేశాను, లోపలే కూర్చుని.

అక్టోబర్ 24, శుక్రవారం

పాస్టరమ్మగారు చినిగిన దిండు గలీబుతో వచ్చారు. పది నిమిషాల్లో కుట్టి ఇచ్చాను. ఆవిడ లేవలేదు. గోడలన్నీ చూస్తూ కూర్చున్నారు.

"ఆ మేకుకి ఏముందమ్మా?"

"ఏప్రాన్."

"దాని కింద?"

ఆవిడ లేచి చూడలేదు. అదే ఆవిడలో గొప్పతనం.

"పొద్దున్నే బట్ట పేరు చెప్పమన్నాను కదా. దీని పేరు ఒక్కసారైనా చెప్పావా?"

"లేదండీ."

"ఎందుకని?"

ఎందుకో అప్పటిదాకా నాకే తెలియదు. నోరు తెరిచాక తెలిసింది. "అది కుట్టేస్తే అమ్మ వచ్చి తీసుకెళ్లాలి కదండీ," అన్నాను. "కుట్టనంతకాలం అమ్మ పని నా దగ్గర ఒకటి మిగిలే ఉంటుంది."

ఏడ్చాను. ఏడుస్తూ ఉంటే ఆవిడ దిండు గలీబు మడతపెట్టుకుంటూ కూర్చున్నారు. ఓదార్చలేదు. చివర్లో, "కోటు కుట్టమని నేననను. ముందు అబద్ధం వెనక్కి తీసుకో. అది ఈరోజు చేయగలిగిన పనే," అన్నారు.

"మీరే చెప్పెయ్యరాదూ?"

"నా చేత అబద్ధం మోయించావు. నిజం నువ్వే మోసుకెళ్లు," అన్నారు.

అక్టోబర్ 26, ఆదివారం

నిన్న చెప్పలేదు. ఈరోజు కూడా చెప్పలేదు. ఒంట్లో బాగోలేదు.

బాగానే ఉంది.

అక్టోబర్ 27, సోమవారం

ఐదున్నర. ఈరోజు బట్ట పేరు చెప్పలేదు. "ప్రభువా, నా చేతులు వణుకుతున్నాయి, పట్టుకో," అన్నాను. అంతే. వినడానికి ఎవరూ లేని ప్రార్థన ఇంత చిన్నగా ఉంటుందని నాకు తెలీదు.

ఫోన్‌లో అక్కకి రాశాను. మొదట చాలా రాశాను, దేవుడు, ప్రేమ, అన్నీ వచ్చాయి. అదంతా మళ్లీ సాక్ష్యంలా ఉంది. కొట్టేశాను. ఇది పంపాను:

"అక్కా, గుండీలు మాత్రమే మిగిలాయన్నది అబద్ధం. సంచి ముడి కూడా విప్పలేదు."

చూసింది. జవాబు లేదు.

అక్టోబర్ 28

లేదు.

అక్టోబర్ 29

లేదు. అయినా లేచాను. స్కూలు చొక్కా, కాజాలతో సహా.

అక్టోబర్ 30, గురువారం

పొద్దున ఐదున్నరకి: "ప్రభువా, అమ్మ కోటు."

ఏడింటికి షాపు తెరిచి సంచి దించాను. బల్ల మీద పెట్టాను. ముడి చూస్తూ కూర్చున్నాను. అమ్మ వేసిన ముడి అది, లాగేకొద్దీ బిగుసుకునే రకం. కత్తెర తీసుకున్నాను. మళ్లీ పెట్టేశాను. అమ్మ వేళ్లు చివరిసారి నా షాపులో చేసిన పని, దాన్నెలా కత్తిరిస్తాను?

తొమ్మిదిన్నరకి గుమ్మంలో వెలుతురు తగ్గింది. తలెత్తితే అక్క. రెండేళ్లకి కణతల దగ్గర జుట్టు తెల్లబడింది. లోపలికొచ్చి సంచి వైపు చూసింది.

"నిజంగానే విప్పలేదా?"

"లేదక్కా."

"ఇలా ఇవ్వు." గోరుతో ముడి మధ్యలో ఎక్కడో నొక్కింది. వదులైపోయింది. "దీన్ని లాగకూడదు, నొక్కాలి. అమ్మ నీకూ చెప్పింది. నువ్వు వినలేదు."

కోటు బయటికొచ్చింది. గుండుసూదులు తుప్పు పట్టి, గుచ్చిన ప్రతిచోటా చిన్న ఎర్రమచ్చ. అక్క ఒక్కొక్కటే తీసింది. నేనూ తీశాను. అన్నీ అయ్యాక తను కోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడింది. అమ్మ పొడుగు అక్కకే వచ్చింది, నాకు రాలేదు. అంచు సరిగ్గా మోకాళ్ల కింద ఆగింది. ఒక్క వేలు ఎక్కువ కాదు, తక్కువ కాదు.

అక్క అద్దంలోకి చూస్తూ, "నువ్వు కత్తిరించకపోవడమే మంచిదైంది," అంది.

ఎంత చక్కటి మాట! నాకు గొంతుదాకా వచ్చేసింది. చూశావా అక్కా, దేవుడు నా ఆలస్యాన్ని కూడా ఎలా వాడుకున్నాడో, రెండేళ్ల క్రితమే నీకోసం దీన్ని దాచి ఉంచాడు. ఈ సాక్ష్యం చెబితే సంఘమంతా లేచి నిలబడుతుంది. నాలుక మీద తీపిగా కూడా ఉంది.

మింగేశాను.

"అలా అనకక్కా. మంచికోసం ఉంచింది కాదు ఇది. మూడుసార్లు అడిగింది అమ్మ. మూడుసార్లూ అబద్ధం చెప్పాను. ఆ చలికాలం అమ్మకి కోటు లేకుండా చేసింది నేనే. నన్ను క్షమించు."

అక్క అద్దంలో చూస్తూ కోటు మెడ సర్దుకుంది. "ఇది నాకు తెలీక కాదు," అంది. "నీ నోటితో వినాలని ఉండింది. రెండేళ్లు."

క్షమించానని అనలేదు. కాని కోటు విప్పి బల్ల మీద పరిచింది. "గుండీలు చూడు, రెండు వేలాడుతున్నాయి, ఒకటి ఊడిపోయింది. ఎంతసేపు పడుతుంది?"

నిజంగానే గుండీలు మాత్రమే మిగిలాయి! ఇద్దరికీ ఒకేసారి తట్టింది అది. అక్క పెదవి బిగబట్టింది, నేనూ బిగబట్టాను, చివరికి ముందు తనే నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"అరగంట," అన్నాను.

"సరే, కూర్చుంటాను," అని అమ్మ నిలబడ్డ స్టూలు లాక్కుని కూర్చుంది. నమ్మక కూర్చుందో, నాతో ఉండాలని కూర్చుందో అడగలేదు. ఊడిపోయిన గుండీకి సరిగ్గా అదే రంగు దొరకలేదు, దగ్గరి రంగుది తీసి అన్నిటికంటే కింద కుట్టాను. మధ్యలో మాస్టారి నడుము కథ చెప్పాను. ఇరవై ఎనిమిది నిమిషాలు పట్టింది. దారం కొరికేటప్పుడు అమ్మ కోటు వాసన వచ్చింది, పాత ఉన్ని, కర్పూరం బిళ్లలు. ఇంక నా దగ్గర అమ్మ పని ఏదీ మిగల్లేదు.

గుమ్మం దగ్గర అక్క వెనక్కి తిరిగి, "అక్కడికెప్పుడొస్తావ్?" అంది.

నోట్లోకి వచ్చిన మాట ఏదో అక్కకి తెలుసు, నాకూ తెలుసు. క్యాలెండరు దగ్గరికి వెళ్లాను. "డిసెంబర్ పదమూడు, శనివారం. పొద్దున ఏడింటి బస్సు. పదకొండున్నరకి దిగుతాను."

"చూద్దాంలే," అంది అక్క.

అక్టోబర్ 31

ఈపాటికి అక్క బస్సు వెళ్లిపోయి ఉంటుంది. మేకు ఖాళీగా ఉంది. రోజంతా అటే చూస్తున్నాను.

నవంబర్ 2, ఆదివారం

మొదటి ఆరాధనకి వెళ్లాను. క్వయర్‌లో అక్క గొంతు లేదు. లేదని తెలిసే వెళ్లాను. అయినా ప్రతి పాట చివరా ఆగి విన్నాను.

"సాక్ష్యం చెప్పాల్సినవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని పాస్టరయ్యగారు అడిగారు. నా మోకాళ్లు వాటంతట అవే లేవబోయాయి. బెంచీ అంచు పట్టుకుని కూర్చున్నాను. పాస్టరమ్మగారు వెనక్కి తిరగలేదు. ఒక ముసలాయన లేచి తన కీళ్లనొప్పి గురించి చెప్పారు. అందరితోపాటు నేనూ స్తోత్రం అన్నాను.

నవంబర్ 18

ఈరోజు ఒకావిడతో "రేపు" అన్నాను. ఆవిడ వీధి మలుపు దాటేలోపు పరిగెత్తుకెళ్లి, "గురువారం మూడింటికండీ," అన్నాను. ఆవిడ భయపడింది.

డిసెంబర్ 9

లేవలేదు. పదకొండింటికి మోకాళ్లూనాను. ఆలస్యంగా వచ్చినా తలుపు తీసే ఉంది.

డిసెంబర్ 12, శుక్రవారం

కొంచెం జలుబు చేసినట్టుంది. స్కూలు యూనిఫాంలు సోమవారానికి ఇవ్వాలి. కొండ దారిలో మంచు ఉంటుందంటున్నారు. వచ్చే శనివారం అయితే

జలుబు లేదు. యూనిఫాంలు అయిపోయాయి. సంచి సర్దాను.

డిసెంబర్ 13, శనివారం

పొద్దున బట్ట పేరేమీ చెప్పలేదు. "ప్రభువా, అక్క," అన్నాను.

ఆరూ పదికే బస్టాండుకి వచ్చాను. బస్సే ఆలస్యంగా బయల్దేరింది, పావుగంట. నా జీవితంలో మొదటిసారి నాది కాని ఆలస్యానికి ఏడుపొచ్చింది. డ్రైవరు దారిలో దాన్ని సరిచేశాడు. ఇప్పుడు పదకొండూ ఇరవై ఎనిమిది. బస్సు స్టాండులోకి తిరుగుతోంది, అక్షరాలు వంకర పోతున్నాయి.

కిటికీ అద్దం మీద ఆవిరి తుడిచాను. మట్టిరంగు కోటు. ఒక్క క్షణం అమ్మే అనుకున్నాను. అక్క. నేను తనకింకా కనపడలేదు. చేతి గడియారం చూసుకుంటోంది. మళ్లీ చూసుకుంటోంది. చలికి కోటు పై గుండీ నుంచి పెట్టుకుంటూ వస్తోంది, ఒక్కొక్కటే, చివరి గుండీదాకా. దిగాలి.